కంచె కరుస్తున్నది

ఫోన్ల ఖల్ఫాన్ ఒకటే మాట అన్నడు:
"సహమ్ అవతల కంచె కరుస్తున్నదట, పోయి చూడు."

పోయేటివి నాలుగు వరుసలు, వచ్చేటివి నాలుగు,
పక్కపొంటి టవర్లు
చేతులు చాపి, కాళ్లు ఎడంగ పెట్టి
దర్జీ కొలతలు తీస్తడని నిలబడ్డట్టు.
తెల్లారంగ సముద్రం మీదికెల్లి మంచు పాకింది.
పింగాణీ గిన్నెల మీద ఉప్పు, దుమ్ము, తడి.
కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చప్పుడు
ఇక్కడ ఆగకుంట వస్తున్నది.

గుల్ వజీర్ బండి ఆపిండు, దిగలేదు.
"కరెంటు చదువు నీది, పిల్లలు నాకున్నరు" అన్నడు.

మేకల మంద ఎనక రయ్యా ముసలమ్మ, కట్టెతోని.
ఒక మేక మూతి పెట్టి ఎగిరి పడ్డదట.
"మీ జిన్నును పైననే కట్టేసుకోండి,
నా దిక్కు రానియ్యకండి" అని కట్టె ఊపింది.

కంచెకు ఎవరూ వైరు కలపలేదు.
లైను పక్కన మైళ్లకొద్ది నడిచిన ఇనుముకు
ఎంతోకొంత ఒంటబడుతది,
క్యాంపుల బీడీలు తాగెటోని పక్కమంచం మీద
పండుకున్నోని దుప్పటికి వాసన లెక్క.
అందుకే కొంతదూరానికొక రాగిపట్టి, కింద రాగికడ్డీ.
ఒంటబడ్డది ఒంటబడ్డట్టే నేలకు ఒప్పజెప్పాలె.
దాన్ని ఎర్త్ అంటం.

మా దిక్కు గూడ అదే మాట.
కరెంటు రాత్రి రెండింటికి ఇచ్చేటోళ్లు.
గోనెసంచి మీద నిలబడి స్టార్టర్ నొక్కుడు.
ఎర్త్ గుంతల బొగ్గు, ఉప్పు ఏసి నీళ్లు పొయ్యమన్నరు,
మడికే నీళ్లు సాలకపాయె.
ఆ యేడు ఓదెలు బావ నిలబడ్డ సంచి తడిసి ఉండె.
గంతే ముచ్చట.

ఎడమచేతి ఎనకభాగం కంచెకు ఆనించిన.
గదవ దాక ఎర్రచీమలు.

పదకొండు చోట్ల రాగిపట్టి లేదు.
రంపం పెట్టి కోసిన మొనలు
అప్పుడే విరిసిన చెరుకు లెక్క మెరుస్తున్నయ్.
రోడ్డు కింద కల్వర్టుల పరిచిన అట్టపెట్టె,
సగం విరిగిన హాక్సా బ్లేడు,
ఒక బట్టలషాపు సంచి, దాని మీద
అచ్చ తెలుగుల: కోరుట్ల, బస్టాండ్ ఎదురుంగ.

కంపెనీ ఇడిసి ఖల్లివల్లి అయినోడు ఎవడో.
కిలో రాగికి రెండు రియాళ్ల పైమాటే.
ఎండల కూలి దొరికితే ఐదు, దొరకని దినాలే ఎక్కువ.
ఇసుకల కాలిగుర్తులు, ఒక చెప్పు మడమ అరిగింది.

"ఓ అన్నా" అన్న చీకట్లకు. నా గొంతే మల్ల వచ్చింది,
మీదికెల్లి ట్రైలర్ పోయి దాన్ని తొక్కింది.
"మీద లైను ఉండంగ ఉత్తచేతులతో ముట్టకు.
నీకు ఎర్త్ లేదు."
ఈ ఆఖరిమాట ఎందుకన్ననో తెల్వదు.
నా రబ్బరు గ్లౌసులు సంచి పక్కన పెట్టి వచ్చిన.
అది తప్పు పని. కంపెనీ లెక్కల, నా లెక్కల గూడ.

మధ్యాహ్నానికి పదకొండు చోట్ల ఇనుప పట్టీలు బిగించినం.
అమ్మితే చాయ పైసలు గూడ రావు.
మల్ల చెయ్యి ఆనించిన: ఉత్త ఇనుము, ఎండకు కాలింది.
రయ్యా ముసలమ్మ ఖర్జూరాలు పెట్టి అడిగింది,
"ఎటు పోయిండు జిన్ను?"
"కిందికి" అన్న.

రిపోర్టుల కారణం: చిలుము పట్టి తెగినయ్.
ఖల్ఫాన్ చదివిండు.
"పదకొండుకు ఒకటే రాత్రి చిలుము పట్టిందా?"
నేను కండ్లు కాగితం మీదికెల్లి లేపలేదు.
పెన్నుకు మూత తీసిండు, పెట్టిండు, మల్ల తీసిండు.
సంతకం పెట్టిండు.

ఎనిమిదో రోజు అదే దారిల పోతాంటే
గుల్ వజీర్ స్పీడు తగ్గించిండు, నేను చెప్పకుంటనే.
కల్వర్టు ఉత్తగ ఉన్నది. అట్టపెట్టె గూడ లేదు.
కంచె మీద, నేను బిగించిన పట్టి పక్కనే
నా గ్లౌసులు, కడిగి ఆరేసినయ్,
వేళ్లు నేల దిక్కు.